శ్రీనివాస రామానుజన్ బాల్యము

గణితశాస్త్రమున జగద్విఖ్యాతుడైన శ్రీనివాస రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన తమిళదేశమందలి ఈరోడు పట్టణమున మాతామహుని యింట జన్మించెను. తండ్రి శ్రీనివాసయ్యంగారు కుంభకోణమున నొక బట్టల దుకాణములో గుమాస్తా. సిరిసిల్ల వలెనే కుంభకోణమును మగ్గములకు పేరువడిన యూరు. ఆయన జీతము స్వల్పము. దుకాణమునకు పోయినవాడు చీకటిపడినగాని యింటికి రాడు. అందుచే పిల్లవాని పెంపకమంతయు తల్లి కోమలతమ్మాళ్ మీదనే పడెను. ఆమె దేవాలయమున భజనలు పాడి కొద్దిపాటి సొమ్ము తెచ్చుచుండెను. నామక్కల్ నరసింహస్వామి దేవేరియగు నామగిరియందు ఆమెకు అపారమైన భక్తి. ధర్మపురి నరసింహుని నమ్ముకొన్న గృహిణులకు ఆ భక్తి యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

1889 డిసెంబరులో బాలునకు మశూచి సోకెను. ఆ యేట తంజావూరు జిల్లాలో అనేకులు ఆ వ్యాధికి బలియైరి. రామానుజన్ బ్రతికెను, మచ్చలు మాత్రము మిగిలెను. అతని వెనుక పుట్టిన తమ్ముడు మూడు నెలలు నిండకమునుపే కన్నుమూసెను. మిగిలిన యా యొక్క బిడ్డకు మూడేండ్లు వచ్చుచున్నను మాటలు రాలేదు.

ఇట్టి వేళల నేటికిని పెద్దలు, కొందరికి మాట ఆలస్యముగ వచ్చుననియు, తొందరపడనేల యనియు చెప్పి యూరకుందురు. కోమలతమ్మాళ్ అట్లూరకుండలేదు. బిడ్డ మూగవాడగునేమో యని ఆమె గుండె బెదరెను. అప్పుడు పుట్టినింటివారు కాంచీపురమున నుండిరి. ఆమె బాలుని వెంటబెట్టుకొని అచ్చటికి చేరెను. తండ్రిగారి మిత్రుడొకడు విషయము విని, పిల్లవానికి అక్షరాభ్యాసము చేయింపుడని సలహా చెప్పెను.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల తల్లులు పిల్లలను బాసరకు కొనిపోయి బియ్యములో అక్షరములు దిద్దించుట యందరెరిగినదే. కాంచీపురమునను అట్లే జరిగెను. నేలపై దట్టముగ బియ్యము పరచి, తాతగారు మనుమని చేయి పట్టుకొని, ఒక్కొక్క యక్షరమును గట్టిగ నుచ్చరించుచు దిద్దించెను. చేయి కదలుచుండగా కన్ను చూచుచుండెను, చెవి వినుచుండెను. కొలది కాలమునకే పిల్లవాడు నోరు విప్పెను. తమిళమందలి పండ్రెండు అచ్చులును, పదునెనిమిది హల్లులును, రెండువందల పదునారు గుణితాక్షరములును నేర్చెను. తల్లి భయము తీరెను.

ఆలస్యముగ మాటాడు పిల్లలెల్లరు రామానుజన్లగుదురని భ్రమపడరాదు. కొందరికి మాట రాకపోవుటకు చెవి వినబడకపోవుటయే కారణము. అందుచేతనే నేటి వైద్యులు ఇట్టి బిడ్డకు మొట్టమొదట వినికిడి పరీక్ష చేయింపుమందురు. ఆ పరీక్ష యెంత త్వరగ జరిగిన బిడ్డకు అంత మేలు. కోమలతమ్మాళ్ కాలమున అట్టి వసతి లేదు. ఆమెకున్నదెల్ల బిడ్డను కనిపెట్టి చూచు కన్నులు మాత్రమే.

1892 అక్టోబరు 1వ తేదీన బాలుడు వీథిబడిలో చేరెను. 1897లో ప్రాథమిక పరీక్షయందు జిల్లాలో ప్రథముడయ్యెను. అటుపిమ్మట గణితమే అతని లోకమయ్యెను. 1913లో అతడు వ్రాసిన లేఖ చూచి, కేంబ్రిడ్జి పండితుడు హార్డీ యబ్బురపడి యింగ్లండునకు రమ్మనెను. సముద్రయానమునకు తల్లి మొదట సమ్మతింపలేదు. తుదకు తానే యనుమతించెను. 1914 మార్చిలో అతడు ఓడ యెక్కెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. మరుసటియేట రోగపీడితుడై స్వదేశమునకు మరలివచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన, ముప్పదిరెండేండ్ల వయసున మద్రాసు నగరమున పరమపదించెను. కోమలతమ్మాళ్ అప్పటికి జీవించియే యుండెను.