డాక్టర్ కోట్నీస్: తెరపై ప్లేగు, బతుకులో గాయాలు

డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1910లో షోలాపూర్‌లో పుట్టారు. మనలాగే ఇంట్లో తెలుగు, బయట మరో భాష మాట్లాడే చేనేత కుటుంబాలు ఎన్నో ఉన్న ఊరది. ఆయనది మాత్రం మరాఠీ ఇల్లు.

1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల్లో ఒకరిగా, యుద్ధంలో ఉన్న చైనాకు వెళ్లారు. మిగతా నలుగురూ తిరిగొచ్చారు. ఆయన ఉండిపోయి గాయపడిన సైనికులకు ఆపరేషన్లు చేశారు, అక్కడి నర్సు గువో చింగ్లాన్‌ను పెళ్లాడారు. 1942 డిసెంబరులో మూర్ఛ వ్యాధితో కన్నుమూశారు. అప్పటికి కొడుక్కి నాలుగు నెలలైనా నిండలేదు.

1946లో శాంతారాం తీసిన సినిమాలో మాత్రం ఆయన ప్లేగు మహమ్మారిని జయించి, తానూ దాని బారిన పడతారు. ఒక్క డాక్టరు ఊరంతటినీ గట్టెక్కించడం తెరకు బాగానే ఉంటుంది. పిల్లలకు ఆ సినిమా చూపించే మాస్టర్లు అందులో ఇమడని పనీ చెబితే బాగు: రోజూ కట్లు కట్టడం, చైనా భాష నేర్చుకుని ఆ భాషలోనే వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పడం.