సూరి భగవంతం గారి లెక్క

ఈసారి గోడ పత్రికకి ఒక శాస్త్రవేత్త జీవితం రాయమన్నారు సైన్సు సారు. నేను సూరి భగవంతం గారి గురించి రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి 1928లో కలకత్తాలో సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఫలితం బయటపడిన సంవత్సరమే అది! 1932లో మన వాల్తేరుకి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు.

వస్తువు మీద వెలుగు పడితే లోపలి పరమాణువుల ఊపుని బట్టి కొంచెం వెలుగు రంగు మారి వస్తుంది. అది ఫోటో ప్లేటు మీద గీతలుగా పడుతుంది. ఏ గీత ఏ ఊపుదో తేల్చడమే కష్టం. దానికి భగవంతం గారు, టి. వెంకటరాయుడు గారు గణితంలోని గ్రూపు సిద్ధాంతం వాడారు.

మన బొర్రా గుహల్లో మెరిసే కాల్సైట్ చూశారు కదా. (గైడు శివలింగం చూపించాడు గానీ ఈ సంగతి చెప్పలేదు.) అందులో మళ్లీమళ్లీ వచ్చే చిన్న ముక్కలో 10 పరమాణువులు, 27 రకాల ఊపులు. కేవలం అమరిక చూసి లెక్క కడితే రామన్ గీతలు 5 రావాలి. ప్లేటు మీదా 5. ఒకటి మరీ మసక. అయితే గీత ఎక్కడ పడుతుందో ఈ లెక్క చెప్పదు. దానికి పరమాణువుల మధ్య బలం తెలియాలి. ఇప్పటి కంప్యూటర్ల క్వాంటం లెక్కకీ కొలతకీ కూడా కొంత తేడా వస్తూనే ఉంటుంది.

వాళ్లిద్దరి పుస్తకం 1948లో వచ్చింది. తర్వాత ఆయన ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగుళూరు సైన్సు సంస్థ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. 1989లో కన్నుమూశారు.

ఇప్పుడు నా సంగతి. లోలకం ప్రయోగంలో నాకు 941 వచ్చింది. పుస్తకంలో 980. రబ్బరుతో చెరిపి 979 రాశాను, టిక్కు పడింది. మరి ప్లేటు మీద 6 గీతలు కనబడితే ఆయన ఒకటి చెరిపేసేవారా? రాయిలో ఇంకేదో కలిసిందనో, లెక్క తప్పనో వెతికేవారు కదా.

సారుకి నిజం చెప్పేశాను. తిట్టలేదు, దారం తెమ్మన్నారు. నేను గుండు పైవరకే 25 సెంటీమీటర్లు కొలిచాను. గుండు మధ్య వరకు 26. మళ్లీ కట్టాం. 978 దాటింది.