సిస్టర్ రోజెట్టా థార్ప్

రాక్ అండ్ రోల్ సంగీతమునకు ప్రార్థనామందిరము నొక పుట్టినిల్లే. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున 1915లో నల్లజాతి కుటుంబమందు జన్మించిన రోజెట్టా, సువార్తప్రచారకురాలగు తల్లివెంట బాల్యముననే గిటారు వాయించుచు కీర్తనలు పాడెను. 1938లో న్యూయార్కు నృత్యశాలలయందును వానిని పాడగా సంఘస్థులు పలువురు నిందించిరి. అయినను ఆమె కీర్తనలను విడువలేదు. విద్యుత్ గిటారుపై ఆమె చూపిన నేర్పు ఎల్విస్ ప్రెస్లీ, జానీ క్యాష్ మున్నగువారి నాకర్షించెను. కాచిగూడ విద్యార్థులకు వింతగా దోచును గాని, 1964లో మాంచెస్టరునందు మూతబడిన రైలు స్టేషనులో ఒక ప్లాటుఫారముపై నిలిచి, ఎదుటి ప్లాటుఫారముపై గూర్చున్న యువజనులను పాటలతో నలరించెను.

ఆమె 1973లో మరణించెను. పిదప ముప్పదియేండ్లకు పైగా ఆమె సమాధిపై పేరు చెక్కిన రాయియైన లేకుండెను. 2018లో గాని రాక్ సంగీత కీర్తిమందిరమున ఆమెకు స్థానము లభింపలేదు. ఒక విద్యను మెచ్చునపుడు దానిని మొదట నేర్పినవారెవరో విచారించుట మన ధర్మము.