ఖాళీ లూప్, ఎడ్స్గర్ డైక్‌స్ట్రా

మన సిలబస్‌లో డైక్‌స్ట్రా పేరు రెండు చోట్ల తగులుతుంది. డేటా స్ట్రక్చర్స్‌లో షార్టెస్ట్ పాత్ దగ్గర ఒకసారి, ఓఎస్‌లో సెమఫోర్లు, బ్యాంకర్స్ అల్గారిథమ్ దగ్గర ఇంకోసారి. రెండు చోట్లా పది మార్కుల ప్రశ్నగా వచ్చి వెళ్లిపోతారు. ఆయన జీవితం గురించి చదివాక నాకు కనిపించిన మనిషి వేరు. ఒక ప్రోగ్రాం ఇంకొకరి కోసం ఎలా ఎదురుచూడాలి అనే ప్రశ్నని ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్న మనిషి ఆయన.

ఆ ప్రశ్న ఎక్కడ పుడుతుందో ముందు చెప్తాను. ఎంఐటీ వాళ్లు క్లాసుల కోసం రాసిన ఎక్స్‌వీ6 కెర్నల్‌లో, సీరియల్ పోర్టుకి ఒక అక్షరం పంపే ఫంక్షన్ ఉంది. చిప్‌లోని స్టేటస్ రిజిస్టర్‌లో ఒక బిట్ 1 అయితేనే పంపాలి. అందుకని ఒక వైల్ లూప్ ఆ బిట్‌నే చదువుతూ కూర్చుంటుంది. లూప్ లోపల ఒక్క సెమికోలన్ తప్ప ఏమీ ఉండదు. దీన్నే బిజీ వెయిట్ అంటాం. చిప్ బాగుంటే రెప్పపాటులో పని అయిపోతుంది. చిప్ పాడైతే ఆ బిట్ ఎప్పటికీ 1 అవ్వదు, ప్రాసెసర్ ఎప్పటికీ బయటికి రాదు. కనీసం ఎర్రర్ మెసేజ్ కూడా రాదు, ఎందుకంటే ఆ మెసేజ్ కూడా అదే లూప్ దాటి వెళ్లాలి!

డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో పుట్టారు. నాన్న కెమిస్ట్రీ చెప్పేవారు, అమ్మ గణితం చదువుకున్నావిడ. కుర్రాడికి మాత్రం లా చదివి ఐక్యరాజ్యసమితిలో పనిచేయాలని ఉండేది. సైన్స్‌లో వచ్చిన మార్కులు చూసి అందరూ అటు తోశారు. లైడెన్‌లో ఫిజిక్స్‌లో చేరారు. 1951లో కేంబ్రిడ్జ్‌కి వెళ్లి మూడు వారాల ప్రోగ్రామింగ్ కోర్సు చేశారు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లోని మ్యాథమెటికల్ సెంటర్‌లో ప్రోగ్రామర్‌గా కుదిరారు. 1957లో పెళ్లి రిజిస్టర్ చేయించుకుంటూ వృత్తి అన్నచోట ప్రోగ్రామర్ అని రాస్తే, అలాంటి వృత్తే లేదని ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదట. చివరికి థియరిటికల్ ఫిజిసిస్ట్ అని రాయాల్సి వచ్చింది. ఇవాళ మన క్లాసులో సగం మందిని ఏమవుతారంటే చెప్పే మాట, అప్పటి ప్రభుత్వ కాగితం మీద చెల్లలేదు.

షార్టెస్ట్ పాత్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1956లో ఆర్మాక్ అనే కొత్త కంప్యూటర్‌ని జనానికి చూపించాలి. కాబోయే భార్యతో షాపింగ్‌కి వెళ్లి, అలిసి ఒక కెఫే బయట కాఫీ తాగుతూ ఇరవై నిమిషాల్లో ఆలోచించేశారు. చేతిలో కాగితం, పెన్ను లేవు. డెమోకి 64 ఊళ్లు తీసుకున్నారు, 6 బిట్లలో సరిపోతాయి కాబట్టి.

నన్ను ఆపింది ఆ తర్వాతి కథ. అదే సెంటర్‌లో ఎలక్ట్రొలాజికా ఎక్స్1 అనే మెషీన్ డిజైన్ అవుతోంది. హార్డ్‌వేర్ వాళ్లు వచ్చి ఇంటరప్ట్ పెడదామన్నారు. దీనికి మన వంటింట్లోనే పోలిక ఉంది. కుక్కర్ ముందు నిలబడి అయిందా అయిందా అని చూస్తూ ఉండటం బిజీ వెయిట్. విజిల్ వచ్చేదాకా వేరే పని చూసుకోవడం ఇంటరప్ట్. వినగానే సంబరపడాల్సిన ఆలోచన కదా? డైక్‌స్ట్రా మాత్రం భయపడ్డారు. అప్పటిదాకా ప్రోగ్రాంని ఎన్నిసార్లు నడిపినా ఒకేలా నడిచేది. విజిల్ ఏ క్షణంలో వస్తుందో తెలియదు కాబట్టి, ఇక నుంచి ప్రతిసారీ ఒక్కోలా నడుస్తుంది. బగ్ వస్తే మళ్లీ రప్పించి చూడటం కుదరదు. కొన్ని నెలలు నిర్ణయాన్ని వాయిదా వేయించి, చివరికి ఒప్పుకున్నారు. ఆ ఇంటరప్ట్‌లని చూసుకునే ప్రోగ్రాం ఆయనే రాశారు. 1959లో అదే ఆయన పీహెచ్‌డీ థీసిస్ అయింది.

ఆ భయం నుంచే మిగతా పనంతా వచ్చిందని నాకనిపిస్తుంది. టెస్ట్ చేసి పట్టుకోలేని తప్పుని ముందే ప్రూఫ్‌తో లేకుండా చేయాలి. 1962లో ఐండ్‌హోవెన్‌లో గణితం ప్రొఫెసర్ అయ్యారు. 1965లో మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ మీద పట్టుమని రెండు పేజీలు కూడా లేని పేపర్ వేశారు. అందులో ఆయన పెట్టుకున్న ఒక షరతు చూడండి: ఏ ప్రాసెస్ ఎంత స్పీడుగా నడుస్తుందో దేన్నీ నమ్మకూడదు. ఒకటి నత్తలా, ఇంకొకటి రైలులా నడిచినా జవాబు తప్పకూడదు. ఆ పేపర్లోని పరిష్కారం కూడా లూప్‌లో తిరుగుతూ ఎదురుచూసేదే. ఆ తిరుగుడు పోగొట్టేవి సెమఫోర్లు: వంతు రాకపోతే నిద్రపో, వచ్చినప్పుడు నేను లేపుతా. మనం వెయిట్, సిగ్నల్ అని రాసేవాటికి ఆయన డచ్ మాటల నుంచి పీ, వీ అని పేర్లు పెట్టారు.

వీటితో ఐండ్‌హోవెన్‌లో ఒక చిన్న టీమ్ ఎక్స్8 మెషీన్ మీద ఓఎస్ కట్టింది. పేరు టీహెచ్ఈ, వాళ్ల కాలేజీ డచ్ పేరులోని పొడి అక్షరాలు. పొరలు పొరలుగా ఉంటుంది, కింది పొర సరైనదని తేల్చుకున్నాకే పై పొర. అన్నిటికన్నా కింద, సున్నా పొరలో, గడియారం ఇంటరప్ట్ ఉంది. ఏ ప్రాసెస్ కూడా ప్రాసెసర్‌ని ఒక్కడే పట్టుకుని కూర్చోకుండా చూడటం దాని పని. గడియారం గొడవ అక్కడితో సరి. పై పొరల్లో ఎవరూ టైం గురించి ఆలోచించక్కర్లేదు.

1968లో దాని మీద పేపర్ వచ్చింది. మామూలుగా ఇలాంటి పేపర్లలో అంతా బాగుందని రాస్తారు. ఆయన తాము చేసిన రెండు పెద్ద పొరపాట్లు ఇవీ అని లెక్కపెట్టి మరీ రాశారు. మొదటిది, చాలాకాలం మెషీన్ మొత్తం పర్ఫెక్ట్‌గా పనిచేస్తుందన్నట్టే ఆలోచించడం. ఒక ప్రింటరో రీడరో చెడిపోతే ఏం చేయాలి అనే దగ్గరికి ఆలస్యంగా వచ్చారు. అప్పటికి, ముందు చేసిన తెలివైన ఏర్పాట్లే కొన్ని అడ్డం తిరిగాయి.

ఇది చదివినప్పుడు నాకు ఆ ఖాళీ లూప్ మొత్తం అర్థమైంది. ఎదురుచూపులు రెండు రకాలు. లాక్ కోసం ఎదురుచూస్తున్నామంటే అవతల ఉన్నది మనలాంటి కోడే. దాన్ని చదవచ్చు, లాక్ వదులుతుందని ప్రూఫ్ రాయచ్చు. లినక్స్‌లో మామూలు స్పిన్‌లాక్‌కి టైమౌట్ లేదు, ఉండకూడదు కూడా. టైం అయిపోయిందని లాక్ లేకుండానే లోపలికి వెళ్తే డేటా పాడవుతుంది. అక్కడ టైమౌట్ పెట్టడం అంటే ప్రూఫ్ ఎగ్గొట్టడమే. హార్డ్‌వేర్ కోసం ఎదురుచూపు అలా కాదు. తీగ ఊడిపోదని ఎవరూ ప్రూఫ్ రాయలేరు. కుక్కర్ విజిల్ రాలేదంటే గ్యాస్ అయిపోయిందేమో! అక్కడ టైమౌట్ లేకపోతేనే తప్పు.

అందుకే లినక్స్‌లోని 8250 సీరియల్ డ్రైవర్‌లో అదే బిట్ కోసం చూసే లూప్ ఒక గడువు దాటి ఆగదు. ఇలా టైమౌట్ పెట్టడం చూసినంత సులువు కాదు. లక్షసార్లు తిరిగి ఆపేద్దాం అంటే, ఫాస్ట్ ప్రాసెసర్ మీద ఆ లక్ష ముందే అయిపోయి బాగున్న చిప్‌ని కూడా పాడైందంటుంది. టిక్కులు లెక్కపెడదాం అంటే, ఉన్నది ఒక్క ప్రాసెసరే అయి ఇంటరప్ట్‌లు ఆపేసి ఉంటే ఆ లెక్క కదలదు, టైమౌటే ఇరుక్కుంటుంది. లినక్స్‌లో దీనికోసం రెడీమేడ్ మాక్రోలు ఉన్నాయి. వాటిలో నాకు నచ్చింది ఒక చిన్న విషయం. గడువు దాటాక కూడా వెంటనే ఎర్రర్ ఇవ్వవు, రిజిస్టర్‌ని చివరిగా ఇంకోసారి చదువుతాయి. ఎందుకంటే చిప్ సరైన టైంకే జవాబిచ్చి ఉండచ్చు, మన ప్రోగ్రామే మధ్యలో పక్కకి నెట్టబడి ఆలస్యంగా వచ్చి ఉండచ్చు. ఎవరి స్పీడునీ నమ్మొద్దన్న 1965 నాటి షరతు ఇక్కడ మన స్పీడుకే వర్తించింది.

డైక్‌స్ట్రాకి 1972లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1984లో టెక్సస్ యూనివర్సిటీ, ఆస్టిన్‌కి వెళ్లి 1999 దాకా పాఠాలు చెప్పారు. ఫౌంటెన్ పెన్‌తో రాసి, నంబర్లు వేసి, జిరాక్స్ తీసి తెలిసినవాళ్లకి పంపిన వ్యాసాలు 1300 దాటాయి. వాటిలో మనలాంటి ప్రోగ్రామర్ల మీద చురకలు చాలానే ఉన్నాయి.

1974లో రాసిన ఒక చిన్న పేపర్ గురించి మాత్రం చెప్పి ఆపుతాను. ఒక సిస్టం ఏ కారణం వల్లనైనా ఎంత చెడ్డ స్థితిలో పడినా, కొన్ని అడుగుల్లో తనంతట తానే దారిలోకి రావాలి, అలా డిజైన్ చేయచ్చు అన్నది అందులో విషయం. అంటే పర్ఫెక్ట్ మెషీన్‌ని నమ్మి దెబ్బతిన్న మనిషి, ఆరేళ్ల తర్వాత పాడైన మెషీన్ నుంచే మొదలుపెట్టారు. చాలా ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2002లో డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ వాళ్లు ఆ పేపర్‌కి తమ అవార్డు ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 6న, నెదర్లాండ్స్‌లోని న్యూనన్‌లో ఆయన క్యాన్సర్‌తో చనిపోయారు. మరుసటి ఏడాది నుంచి ఆ అవార్డుకి డైక్‌స్ట్రా ప్రైజ్ అని పేరు పెట్టారు.