గోంగూర పువ్వులో కెమిస్ట్రీ

మాది చోడవరం. గోంగూర అంటే నాకు మామ్మ చేసే పచ్చడే. పల్లేడియం, క్వినోన్ ప్రాజెక్టుతో తంటాలు పడుతున్నప్పుడు శేషాద్రి గారి గురించి చదివాను.

తిరువెంకట రాజేంద్ర శేషాద్రి 1900లో కావేరి ఒడ్డున, కుళిత్తలైలో పుట్టారు. మాంచెస్టర్‌లో రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి, 1930ల్లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాఖను నిలబెట్టారు. ఖరీదైన సరుకు కోసం చూడలేదు. పత్తి పువ్వు, గోంగూర పువ్వుల్లోంచే రంగు పదార్థాలు విడదీశారు. అలాంటి ఫ్లేవోన్లకు పెర్‌సల్ఫేట్‌తో కొత్త హైడ్రాక్సిల్ తగిలించారు. రింగులో రెండు హైడ్రాక్సిల్‌లు ఎదురెదురుగా ఉంటే క్వినాల్. అది రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు వదిలితే క్వినోన్. నా ఫ్లాస్కులో జరిగేది దీనికి తిరుగు ప్రయాణం: క్వినోన్ పల్లేడియం నుంచి రెండు ఎలక్ట్రాన్లు లాక్కుని, దాన్ని మళ్లీ పనిలోకి దింపుతుంది.

1942లో విశాఖ మీద బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. ఆయన పరిశోధన మాత్రం ఆగలేదు. 1949లో ఢిల్లీ వెళ్లారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1975లో కన్నుమూశారు.

మూడు వారాలుగా గ్రాఫు సరిగ్గా రావట్లేదని ప్రాజెక్టు మార్చేద్దామనుకున్నా. ల్యాబు ఊరే మారినా ఆయన మానలేదు కదా! సోమవారం ఎలక్ట్రోడు శుభ్రం చేసి మళ్లీ మొదలెడుతున్నా.