రావి నారాయణరెడ్డి గారి జీవితము – ఒక ప్రజాస్వామిక ప్రశ్న

పేదల పేర ఒకే పార్టీ రాజ్యమేలునప్పుడు ఆ రాజ్యము నిజముగా ప్రజల రాజ్యమగునా? ఈ ప్రశ్న దూరదేశముల పండితులకే సంబంధించినదని తలంచుట తగదు. మన జనగామ, మానుకోట ప్రాంతముల పల్లెలు దీనిని గ్రంథములలో చదువక మునుపే అనుభవములో ఎదుర్కొన్నవి. ఆ అనుభవమునకు రావి నారాయణరెడ్డి గారి జీవితము చక్కని సాక్ష్యము.

వారు 1908 జూన్ మాసమున భువనగిరి తాలూకా బొల్లేపల్లి గ్రామమున భూస్వాముల కుటుంబములో జన్మించిరి. హైదరాబాదులో విద్యార్థిగా ఉన్న కాలముననే జాతీయభావములు వారిని ఆకర్షించినవి. హరిజన సేవలో పాల్గొనిరి. 1938లో స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహమున చేరి కారాగారమునకు వెళ్లిరి. పిమ్మట కమ్యూనిస్టు పార్టీలో ప్రవేశించిరి. కలిగిన ఇంట పుట్టినవారు లేనివారి పక్షమున నిలుచుట ఆనాడు సామాన్యమైన త్యాగము కాదు.

నిజాము ఏలుబడిలో ప్రతిపక్షమను మాటకే తావు లేదు. సభ జరుపవలెనన్న ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెనని గస్తీ నిషాన్ 53 శాసించెను. రాజకీయము నోట పలుకరాని ఆ దినములలో గ్రంథాలయములే ప్రజలకు ఊపిరియైనవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. ఆ చైతన్యమే 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ రూపము దాల్చెను. 1941లో చిలుకూరు సభకు, 1944లో భువనగిరి సభకు నారాయణరెడ్డి గారు అధ్యక్షత వహించిరి. భువనగిరి నాటికి మితవాదులు వేరుపడిరి. మహాసభ రైతుకూలీల సంఘముగా మారి పల్లెపల్లెకు ప్రాకెను.

అప్పటి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండెను. విసునూరు దేశముఖు కబంధహస్తములలో చిక్కిన ఆ ప్రాంతమున పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పొలము పంట కొరకు ఎదురు తిరిగెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖు మనుష్యుల తుపాకికి బలియయ్యెను. ఆ నెత్తుటితో ఉద్యమము సాయుధపోరాటముగా మారెను. సుమారు 3,000 గ్రామములలో గ్రామరాజ్యములు ఏర్పడినవనియు, 10 లక్షల ఎకరముల భూమి పంచబడినదనియు కమ్యూనిస్టుల లెక్క. వెట్టి పోయెను, కూలి పెరిగెను, గడీ ముందర చెప్పులు విడిచి నిలువవలసిన మనిషి పంచాయతి కమిటీలో కూర్చుండి మాటాడెను. ఇది సామాన్యమైన స్వేచ్ఛ కాదు.

అయినను ఒక చిక్కు మిగిలెను. కమిటీని నడుపునదియు, దానిని కాపాడు తుపాకిని పట్టునదియు ఒకే పార్టీయైనప్పుడు, ఆ పార్టీ త్రోవ తప్పినదని తోచిన గ్రామస్థుడు ఎవరితో మొరపెట్టుకొనవలెను?

1948 సెప్టెంబరులో భారతసైన్యము వచ్చి నిజాము ప్రభుత్వము కూలగానే ఈ చిక్కు పార్టీ లోపలికే వచ్చెను. దళములు మానుకోట, ఇల్లెందు ప్రాంతములకును, గోదావరి వెంబడి అడవులకును తరలినవి. నిజాము పోయిన పిదప ఆయుధములు విడిచి ప్రజల నడుమకు పోవలెనని నారాయణరెడ్డి గారి అభిప్రాయము. పంచిన భూములు తిరిగి దొరల పాలగునని, పోరు సాగవలెనని పుచ్చలపల్లి సుందరయ్య గారి వంటివారి దృఢవిశ్వాసము. ఇరువురును ఆస్తిని, సుఖమును విడిచినవారే. నారాయణరెడ్డి గారికి సహచరుల నుండి తీవ్రమైన నిందలు వచ్చినవి. ఐనను వారు తమ మాటను మ్రింగుకొనలేదు. తుదకు 1951 అక్టోబరు 21న పార్టీయే పోరాటమును విరమించెను.

తరువాతి తీర్పు ప్రజలది. 1952 ఎన్నికల నాటికి హైదరాబాదు రాష్ట్రమున పార్టీపై నిషేధముండుటచే ప్రజాస్వామ్య ఫ్రంటు పేర పోటీ జరిగెను. నల్లగొండ పార్లమెంటు స్థానమున నారాయణరెడ్డి గారికి 3,09,162 ఓట్లు లభించినవి. ఇవి జవహర్లాల్ నెహ్రూ గారికి వచ్చిన ఓట్లకంటె అధికము. రెండును ద్విసభ్య నియోజకవర్గములే. శాసనసభలో 175 స్థానములకు ఫ్రంటు 42 గెలిచి ప్రతిపక్షమున కూర్చుండెను. నిన్నటివరకు అడవిలో దాగినవారు నేడు సభలో మంత్రులను నిలదీసిరి.

ఏకపార్టీ రాజ్యమును సమర్థించువారి వాదమున బలము లేకపోలేదు. ఆకలిగొన్నవాని ఓటును దొర కొనగలడు. పార్టీలెన్ని ఉన్నను భూమి కొందరి చేతనే ఉన్నచో ఎన్నిక వేడుకయగును. 1957లో కేరళలో ఓటుతో వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వము 1959లో రద్దు చేయబడుట కూడ మరువరాదు. కాని, పాలకుడు తప్పు చేసినచో దింపు సాధనమేది అన్న ప్రశ్నకు వారి సమాధానము చాలదు. స్టాలిను కాలపు అక్రమములను ఆయన మరణించిన మూడేండ్లకు, 1956లో, కృశ్చేవు వెల్లడించవలసి వచ్చెను. అంతవరకు నోరెత్తినవారు చెరలలోను, గోతులలోను ఉండిరి. భూమి లేని ఓటు సగము స్వాతంత్ర్యము. కాదనుటకు వీలులేని భూమియు సగమే.

నారాయణరెడ్డి గారు 1957లో భువనగిరి నుండి శాసనసభకు, 1962లో నల్లగొండ నుండి మరల లోక్‌సభకు ఎన్నికైరి. 1964లో పార్టీ చీలినప్పుడు భారత కమ్యూనిస్టు పార్టీలోనే నిలిచిరి. తమ అనుభవములను వీర తెలంగాణ అను గ్రంథమున వ్రాసిరి. సుందరయ్య గారును ఆ పోరాటముపై పెద్ద గ్రంథము వ్రాసిరి. ఇరువురి తీర్పులు వేరు. రెంటిని పక్కపక్కన పెట్టి చదువు భాగ్యము మనకున్నది.

సోవియట్ దేశమున పార్టీకి రాజ్యాంగమిచ్చిన ఏకాధిపత్యము 1990 మార్చిలో తొలగెను. 1991 ఆగస్టు 29న ఆ పార్టీ కార్యకలాపములే నిలిపివేయబడెను. తొమ్మిది దినముల తరువాత, సెప్టెంబరు 7న, నారాయణరెడ్డి గారు కన్నుమూసిరి. మరుసటి యేట భారత ప్రభుత్వము వారికి పద్మవిభూషణ బిరుదమును ప్రకటించెను.

వారు తమ ఆశయమును విడిచినవారు కారు. ఆశయము పేర తమ వివేకమును విడిచినవారును కారు. సొంతవారి నడుమ భిన్నముగా పలుకగల ధైర్యమే ప్రజాస్వామ్యమునకు మొదటి మెట్టు. గ్రంథాలయపు బల్లపై పరస్పర విరుద్ధములైన పత్రికలు రెండు ఒక్కచోట ఉండి, రెంటిని చదివిన రైతు తన తీర్పు తానే చెప్పగలిగినంత కాలము, ఆ మెట్టు మన ఊర చెక్కుచెదరక యుండును.