కుర్చీ కన్నా గౌరవం మిన్న – కట్టమంచి రామలింగారెడ్డి గారు

మన హాస్టల్‌లో చదివి డిగ్రీకి, పీజీకి వెళ్ళిన అన్నలు, అక్కలు చాలామంది ఉన్నారు. ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల పేరు మనలో విననివారు ఉండరు. కానీ ఆ పేరు గల మనిషి ఎవరు, ఏం చేశారు అని అడిగితే చెప్పగలిగేవారు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం.

రామలింగారెడ్డి గారు 1880 డిసెంబరు 10న చిత్తూరు దగ్గర కట్టమంచిలో జన్మించారు. ఆయన మనలాగా హాస్టల్ అన్నం తిని చదివినవారు కారు, కలిగిన రైతు కుటుంబం వారిది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివే రోజుల్లోనే 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రాసి పేరు తెచ్చుకున్నారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చదివారు. అక్కడి విద్యార్థి సంఘానికి ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. తెల్లవారు మనల్ని పాలిస్తున్న రోజుల్లో, తెల్లవారి ఓట్లతో ఒక తెలుగు విద్యార్థి గెలవడం చిన్న విషయం కాదు.

స్వదేశం వచ్చాక బరోడా కళాశాలలోను, తర్వాత మైసూరులోను ఆచార్యులుగా పనిచేశారు. మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు అధిపతి అయ్యారు. మనం ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసిన పని అక్కడే జరిగింది. అంటరానివారని బడి గడప బయటే నిలబెట్టిన పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరిపించడానికి ఆయన పూనుకున్నారు. పై కులాల వారి నుంచి వ్యతిరేకత వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఈ రోజు మనం బెంచీ మీద కూర్చుని చదువుకుంటున్నామంటే, అలాంటి తలుపులు ఒక్కొక్కటిగా తెరిచినవారు ఎందరో ఉన్నారు.

1921లో ఆ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారు. మద్రాసు శాసనమండలిలో 1923లో మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. తీర్మానం ఓడిపోయినా, అధికారంలో ఉన్నవారు సభకు జవాబు చెప్పాలన్న మాట నిలబడింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. విశ్వవిద్యాలయం అంటే భవనాలు మాత్రమే కాదు. దాన్ని నడపడానికి సెనేట్, సిండికేట్, అకడమిక్ కౌన్సిల్ అనే సభలు ఉండేవి. సెనేట్ పెద్ద సభ, సిండికేట్ రోజువారీ పాలన చూసేది, అకడమిక్ కౌన్సిల్ చదువుల స్థాయి చూసేది. ఏ సబ్జెక్టు పెట్టాలి, పరీక్ష ఎలా ఉండాలి అనేవి అధికారుల గదిలో కాకుండా పాఠం చెప్పేవారున్న సభలో తేలాలన్నది దీని సారాంశం. ఆ రోజుల్లో వైస్ ఛాన్సలర్‌ను కూడా సెనేట్ ఎన్నుకునేది. ఇప్పుడు ఎన్నిక లేదు, నియామకమే.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ప్రభుత్వం సత్యాగ్రహుల మీద లాఠీలు ఝుళిపించింది, జైళ్ళు నింపింది. ఆ దమనకాండకు నిరసనగా రెడ్డి గారు వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశారు. తాను పెంచుతున్న సంస్థ, అప్పుడే వాల్తేరులో వేళ్ళూనుకుంటున్న సంస్థ, దాన్ని వదిలి బయటికి నడిచారు. ఆస్తి ఉంది కాబట్టి వదలగలిగారు అని ఎవరైనా అనవచ్చు. ఆస్తి ఉన్నవారంతా పదవులు వదిలారా అని మనమూ అడగవచ్చు.

ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుంచి ఆ బాధ్యత మోశారు. 1936లో రెడ్డి గారు తిరిగి ఎన్నికై, మళ్ళీ మళ్ళీ ఎన్నికవుతూ 1949 వరకు కొనసాగారు. 1942లో జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేయడంతో విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. ఆ కష్టకాలంలోనూ చదువు ఆగిపోకుండా చూశారు. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన 'సర్' బిరుదు తీసుకున్నారు. 1930లో రాజీనామా చేసిన మనిషి ఇలా చేయడం కొందరికి నచ్చకపోవచ్చు. గొప్పవారి జీవితంలో రెండు పేజీలూ చదవాలి.

మంచి గురువులను గౌరవించడం కూడా విశ్వవిద్యాలయం పనే. రెడ్డి గారి కాలంలో, 1938లో, గిడుగు రామమూర్తి పంతులు గారికి ఆంధ్ర విశ్వవిద్యాలయం 'కళాప్రపూర్ణ' బిరుదు ఇచ్చింది. పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిన మహనీయులు. కొండల్లో పనిచేసిన బడిపంతులుకు విశ్వవిద్యాలయం తలవంచిందంటే, అది ఆ విశ్వవిద్యాలయానికే గౌరవం.

రెడ్డి గారు 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్నాతకోత్సవ మందిరానికి ఆయన పేరే పెట్టారు. మనలో కొందరైనా ఆ మందిరంలో పట్టా అందుకోవాలి.

పట్టాతోనే ఆగిపోకూడదు. మన మెస్ కమిటీ కూడా ఒక చిన్న సెనేటే. బియ్యం తూకం చూడటం, లెక్క అడగడం, చిన్న తరగతి తమ్ముడి మాట కూడా వినడం అక్కడే నేర్చుకుంటాం. రేపు మనలో ఒకరు ప్రొఫెసర్ అయి విశ్వవిద్యాలయ సభల్లో కూర్చున్నప్పుడు, గడప బయట నిలబడిన పిల్లలు ఇంకా ఉన్నారా అని చూడాలి. ఉంటే తలుపు తెరిపించాలి. అవసరమైతే కుర్చీ వదలాలి. రామలింగారెడ్డి గారికి మనం ఇవ్వగలిగిన నివాళి అదే.